ఆరిన రంగును వదిలించడం ఎలా?



ఉతికిన చొక్కా దండెం మీద ఆరుతుంది. తలుపుకు వేసిన రంగు కూడా ఆరుతుంది. రెండింటికీ మనం వాడే మాట ఒకటే. అయితే ఆరిన చొక్కాను నీళ్లలో ముంచితే మళ్లీ తడుస్తుంది. ఆరిన ఎనామిల్ రంగు మీద ఎన్ని బిందెల నీళ్లు పోసినా, చివరికి టర్పెంటైన్‌తో తుడిచినా అది తిరిగి ద్రవంగా మారదు. రంగు వేసిన రోజు సాయంత్రం పెయింటరు తన కుంచెను ఆ టర్పెంటైన్‌తోనే కదా కడుక్కున్నాడు! ఆ రోజు రంగును సులువుగా కరిగించిన ద్రవం నెల తిరిగేసరికి దాన్ని ఎందుకు కదిలించలేకపోతోంది? మన పాఠం ఈ ప్రశ్నతో మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక గడపను తీసుకుందాం. నేనుండే భిలాయి ఉక్కు నగరంలో తెలుగు వాళ్ల ఇంటి గడప. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఇక్కడి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవాళ్లు రాయపూర్ రైలెక్కి ఇక్కడికి పనికి వచ్చి, సెక్టార్లలోని క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఊరు మారినా గడపకు పసుపు రాయడం మానలేదు. రోజూ రాసే తీరిక లేని ఇళ్లలో ఆ పసుపు స్థానంలోకి పసుపుపచ్చ ఎనామిల్ డబ్బా వచ్చింది. పండుగ ముందు ఒక పూత, దాని మీద ఎర్రటి బొట్లు. మరుసటి ఏడు పాత పూత మీదే మరో పూత. అలా ఏళ్లు గడిచిన గడప అంచును చూస్తే రంగు మందంగా పేరుకుని, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి ఉంటుంది. దాన్ని గీకి కొత్త రంగు వేయాలని ఇంట్లో ఎవరికో ఒకరికి పండుగ ముందు తోస్తుంది. ఆ పనిని చాలాసార్లు మీ వయసు వాళ్లకే అప్పజెబుతారు. అందుకే ఈ పాఠం మీ కోసం.

రంగు ఎందుకు నెర్రెలు విచ్చుతుందో ముందు రెండు మాటల్లో చెబుతాను. కర్ర గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుంటుంది. భిలాయిలో ఆగస్టులో తలుపు బిగుసుకుపోతుంది, మే నెలలో అదే తలుపు సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. కర్ర ఇలా ఏటా కదులుతుంటే దాని మీది పాత రంగుపొర గట్టిపడిపోయి కదలలేదు. కనుక పగులుతుంది. పగిలిన చోట నీరు చేరి కర్రకూ పొరకూ మధ్య పట్టు వదులుతుంది. అంటే రంగు వదిలించే పనిలో సగం ప్రకృతే చేసిపెడుతుందన్నమాట. మిగతా సగం దగ్గరే చిక్కు.

రంగులు ఆరే తీరు

ఏ రంగు డబ్బాలోనైనా ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. రంగునిచ్చే పొడి, అంటే వర్ణకం. ఆ పొడిని గోడకో కర్రకో పట్టి ఉంచే జిగురు, అంటే బంధకం. రెండింటినీ పలచగా, కుంచెకు అనువుగా ఉంచే ద్రావణి. ఆరడం అనే పనిలో ప్రధాన పాత్ర బంధకానిది. దాని స్వభావాన్ని బట్టి రంగులు వేర్వేరు తీరుల్లో ఆరుతాయి. వేసిన రంగు ఎలా ఆరిందో తెలిస్తేనే దాన్ని ఎలా తీయాలో తెలుస్తుంది.

అన్నిటికన్నా సులువైనది లక్క పాలిష్. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే పదార్థాన్ని సేకరిస్తారు. దేశంలో లక్క ఎక్కువగా లభించే రాష్ట్రాల్లో ఇదొకటి. శుద్ధి చేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి కర్రకు పూస్తే స్పిరిట్ ఆవిరైపోతుంది, లక్క పొర మిగులుతుంది. ఇక్కడ రసాయన మార్పు దాదాపు లేదు. చొక్కా ఆరినట్లే ఆరింది. కాబట్టి మళ్లీ స్పిరిట్ తగిలితే ఆ పొర మళ్లీ కరుగుతుంది. పాత కుర్చీ చేతి మీద స్పిరిట్ దూది పెట్టి అర నిమిషం ఆగండి, దూదికి గోధుమరంగు అంటుతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మను స్పిరిట్‌తో శుభ్రం చేయకూడదన్నది కూడా ఇందుకే. మురికితో పాటు బొమ్మ రంగూ పోతుంది. గోళ్ల రంగు అసిటోన్‌కు లొంగడం, థిన్నర్‌తో కలిపి కొట్టే లాకర్ థిన్నర్‌కే కరగడం ఈ కోవలోవే.

గోడలకు వేసే ఎమల్షన్ సంగతి కాస్త వేరు. అందులో ప్లాస్టిక్ వంటి పాలిమర్ రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీరు ఆవిరవుతున్న కొద్దీ రేణువులు దగ్గరకు జరిగి, ఒత్తుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మెత్తగా ఉడికిన అన్నం చల్లారాక ముద్దగా గడ్డకట్టినట్లు అనుకోండి. ఆ ముద్దను నీరు మళ్లీ మెతుకులుగా విడదీయలేదు. అందుకే నేల మీద పడిన ఎమల్షన్ చుక్కను తడిగా ఉన్నప్పుడు గుడ్డతో తుడిస్తే చాలు, ఆరితే సబ్బునీరు కూడా చాలదు. అయితే స్పిరిట్ దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, అప్పుడు అది చూయింగ్ గమ్‌లా సాగుతూ ఊడి వస్తుంది.

సున్నం అందరికీ తెలిసినదే అయినా అది ఆరే తీరు గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. తడిసున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. గోడ మీద అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అంటే గోడ మీద పలచటి రాతి పొర ఏర్పడుతుంది. రాయిని స్పిరిట్ ఏం చేస్తుంది? టర్పెంటైన్ ఏం చేస్తుంది? దానికి కావలసింది ఆమ్లం. తలుపు మీద చిందిన సున్నపు మరకను చింతపండు రసంతోనో, నిమ్మచెక్కతోనో, వెనిగర్‌తోనో రుద్దితే సన్నగా నురగ వస్తూ కరుగుతుంది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమే మన ఇళ్లలో ఈ విద్య ఎప్పటి నుంచో ఉంది. ఒక్క హెచ్చరిక: మొజాయిక్ గచ్చులోని తెల్లటి ముక్కలు పాలరాయి, అంటే అదీ కాల్షియం కార్బొనేటే. మరకను కరిగించిన చింతపండు దాన్నీ కరిగిస్తుంది. మొజాయిక్ మీద పడిన సున్నాన్ని తడిపి, చెక్క ముక్కతో గీకి తీయడమే మేలు.

ఇక ఎనామిల్. మన గడప మీద ఉన్నది ఇదే. ఇందులోని బంధకాన్ని ఆల్కిడ్ రెసిన్ అంటారు. అవిసె, సోయా వంటి నూనెలను రసాయనికంగా మార్చి దీన్ని తయారు చేస్తారు. ఎనామిల్ పూసిన కొన్ని గంటల్లో టర్పెంటైన్ ఆవిరైపోతుంది, చేతికి అంటదు. ఆరిపోయిందనుకుంటాం. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. నూనె అణువుల్లోని ద్విబంధాల దగ్గర గాలిలోని ఆక్సిజన్ చేరి, పక్కపక్కనున్న అణువుల మధ్య కొత్త బంధాలు ఏర్పరుస్తుంది. విడివిడి దారాలుగా ఉన్న అణువులు ముడులు పడి వలగా మారతాయి. ఇలా వారాలు, నెలలు సాగుతుంది. అవిసె నూనెను గాజుపలక మీద పూసి తూకం వేస్తూ పోతే, ఆరే దశలో దాని బరువు పెరగడం గమనించవచ్చు. చొక్కా ఆరితే బరువు తగ్గుతుంది, నూనె ఆరితే పెరుగుతుంది! ఆక్సిజన్ వచ్చి చేరింది కదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. టర్పెంటైన్ విడి దారాలను కరిగించగలదు, వలను కరిగించలేదు. ఆరిన ఎనామిల్‌ను తీయాలంటే వలను తెంచాలి, లేదా ఉబ్బించి కర్ర నుంచి పట్టు వదిలించాలి, లేదా వేడితో మెత్తబరచాలి, లేదా గీకాలి. ఐదో మార్గం లేదు.

మీ ఇంట్లో ఉన్నది ఏ రంగో తెలియకపోతే కీలు పక్కన, ఎవరికీ కనబడని చోట ఒక చిన్న పరీక్ష చేయండి. తడిగుడ్డతో రుద్దితే పొడి అంటుకుంటే అది సున్నమో డిస్టెంపరో. స్పిరిట్ దూదికి పూర్తిగా కరిగి వస్తే లక్క. మెత్తబడి జిగటగా సాగితే ఎమల్షన్. రెండింటికీ చలించకుండా మెరుస్తూ కూర్చుంటే అది దాదాపుగా ఎనామిలే. వెనిగర్ చుక్కకు నురగ వస్తే సున్నమని ఖాయంగా చెప్పవచ్చా? చెప్పలేం. డిస్టెంపర్‌లో కలిపే సుద్ద కూడా కాల్షియం కార్బొనేటే కనుక అదీ నురగనిస్తుంది.

పసుపుపచ్చలో ఉన్న సీసం

ఇప్పుడు గడప రంగు గురించి. నూటికి పైగా ఏళ్లపాటు ప్రపంచమంతటా పసుపుపచ్చ ఎనామిల్‌కు వాడిన ముఖ్య వర్ణకం లెడ్ క్రోమేట్. చక్కటి రంగు, చవక, ఎండకు తట్టుకుంటుంది. పరమాణు భారాలతో మీరే లెక్క వేయండి: సీసం 207, క్రోమియం 52, నాలుగు ఆక్సిజన్లు 64. మొత్తం 323. అందులో 207 సీసానిదే, అంటే బరువులో దాదాపు 64 శాతం. ఎరుపు, నారింజ రంగుల్లోనూ ఈ కుటుంబానికి చెందిన వర్ణకాలే వాడేవారు. ఇనుప గేట్లకు అడుగుపూతగా వేసే రెడ్ లెడ్ కూడా సీసపు ఆక్సైడే. దుకాణంలో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేరు, అందులో ఉండేది ఐరన్ ఆక్సైడ్. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి కంటితో చూసి చెప్పలేం.

మన దేశంలో గృహ, అలంకరణ పెయింట్లలో సీసం పరిమితి గురించిన నియమాలను 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2017 నవంబర్ 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. పరిమితి పది లక్షల భాగాలకు 90 భాగాలు. డబ్బా మీద ఆ సంగతి ముద్రించాలి. అమెరికాలో ఇళ్లకు వేసే సీసపు రంగులను 1978లోనే నిషేధించారు. మనకు ఆలస్యమైంది. ఆ ఆలస్యమంతా మన తలుపుల మీద, కిటికీల మీద, గడపల మీద పొరలు పొరలుగా ఉంది. చట్టం కొత్త డబ్బాను మార్చింది కానీ పాత గడపను మార్చలేదు. పైగా ఆ నియమాలు ఇంటి రంగులకే పరిమితం, పరిశ్రమల్లో వాడే పెయింట్లకు వర్తించవు. పని మీద మిగిలిన ఫ్యాక్టరీ పెయింటు ఇంటి కిటికీ చువ్వలకు చేరడం ఏ పారిశ్రామిక పట్టణంలోనైనా జరిగేదే.

సీసం ఎంతుంటే ప్రమాదం? ఒక లెక్క చేద్దాం. పాత పూతలో సీసం ఒక శాతం ఉందనుకుందాం. అందులో ఒక గ్రాము పెచ్చులో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. పాకే వయసు పిల్లవాడి ఒంట్లో రక్తం సుమారు ఒక లీటరు, అంటే 10 డెసిలీటర్లు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. ఆ లెక్కన పిల్లవాడి రక్తం మొత్తంలో 50 మైక్రోగ్రాములు. 10,000 ఎక్కడ, 50 ఎక్కడ! నోట్లోకి వెళ్లిందంతా రక్తంలోకి చేరదు, నిజమే. చేరినదాంట్లో ఎక్కువ భాగం ఎముకల్లో దాక్కుంటుంది. అయినా పెద్దవాళ్లకన్నా చిన్నపిల్లల పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. సీసం వల్ల జ్వరం రాదు, దద్దురు రాదు. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, తెలివితేటలు తగ్గుతాయి. బడిలో వెనకబడిన పిల్లవాడిని మొద్దు అంటారే తప్ప రక్తపరీక్ష చేయించరు. ఏ కొద్దిపాటి సీసమూ క్షేమకరం కాదనేది నేటి వైద్యుల అభిప్రాయం.

జార్జ్ ఫౌండేషన్ అనే సంస్థ హైదరాబాద్‌తో సహా కొన్ని భారతీయ నగరాల్లో చేసిన రక్తపరీక్షల ఫలితాలు 1999లో వెలువడ్డాయి. పరీక్షించిన పిల్లల్లో సగానికి పైగా డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం కనిపించింది. అప్పట్లో పెట్రోలులో కూడా సీసం కలిపేవారు. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. గాలిలోని సీసం అలా తగ్గింది. గడప మీద ఉన్నది మాత్రం మనం కదిలించనంతవరకూ అక్కడే ఉంటుంది, కదిలిస్తే ధూళి అవుతుంది.

అందుకే నా మొదటి సలహా చాలామందికి నచ్చదు: పూత గట్టిగా, పెచ్చులు లేకుండా ఉంటే తీయకండి. తడిగుడ్డతో తుడిచి, దాని మీదే కొత్త పూత వేయండి. పెచ్చులు లేస్తుంటేనే, తలుపు ఒరిపిడికి పొడి రాలుతుంటేనే వదిలించే పనికి దిగాలి. అన్నట్టు, అసలైన పసుపుకు ఈ బాధ లేదు. సబ్బునీటి గుడ్డతో తుడిస్తే ఒక్క క్షణం ఎర్రబడి పోతుంది. అయితే ఆ పసుపును అంగట్లో విడిగా కొనేటప్పుడు జాగ్రత్త, మెరుపు కోసం అందులో ఇదే లెడ్ క్రోమేట్‌ను కల్తీ చేసిన ఉదంతాలున్నాయి.

గడప మీద పని

పాత ఎనామిల్‌ను గీకడానికి మనవాళ్లు మొదట తీసుకునేది ఎమరీ పేపరు. పొడిగా రుద్దుతారు. సన్నటి పసుపుపచ్చ ధూళి లేస్తుంది, గాలిలో గంటల తరబడి తేలుతుంది, మంచాల మీద, బియ్యం డబ్బాల మీద, పసిపిల్లల బొమ్మల మీద దిగుతుంది. ఇంతకన్నా చెడ్డ పద్ధతి ఒకటే ఉంది, బ్లో ల్యాంపు మంటతో కాల్చడం. ఆ మంట వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల నుంచే సీసం పొగ రూపంలో లేవడం మొదలవుతుంది. వేడిగాలి గన్నుతో చేయవలసి వస్తే అతి తక్కువ వేడిలో, రంగు బుడగలు కట్టగానే ఆపి చేయాలి. అది అనుభవమున్న పెయింటరు పని, మీది కాదు.

మీరు చేయగలిగింది తడి పద్ధతి. ముందుగా చిన్నపిల్లల్ని, గర్భిణులను ఆ పని ముగిసి ఇల్లు తుడిచేదాకా పక్కింట్లో ఉంచండి. గడప చుట్టూ పాత ప్లాస్టిక్ షీటు పరచండి. గదుల తలుపులు మూసి, ఫ్యాను కట్టేయండి. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు ఎన్-95 మాస్కు. చేతిరుమాలు కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు. గడప మీద సబ్బునీళ్లు చిలకరించి, వెడల్పాటి గీకుడు రేకును పీచు దారి వెంట, అంటే కర్ర గీతలు ఎటుంటే అటు, పడుకోబెట్టి తోయండి. అడ్డంగా గీకితే పీచు లేచి గడప పాడవుతుంది. ఆరుతుంటే మళ్లీ నీళ్లు చిలకరించండి. వదులుగా ఉన్న పెచ్చులు ముందు వస్తాయి. తర్వాత అంచులను నీళ్లలో తడిపిన వాటర్‌ప్రూఫ్ ఎమరీ పేపరుతో నున్నగా చేయండి. కర్ర కనిపించేదాకా మొత్తం తీయాలనే పట్టుదల అక్కర్లేదు. గట్టిగా అంటుకున్న పొర కొత్త రంగుకు మంచి పునాదే.

మొత్తం తీయాలంటే రసాయనాలు కావాలి. పాత పద్ధతి కాస్టిక్ సోడా. నూనెకు క్షారం తగిలితే సబ్బు అవుతుందని మీరు చదువుకున్నారు కదా. ఆల్కిడ్ వలలోని ఎస్టర్ బంధాలనూ క్షారం అలాగే తెంచి, రంగును జారుడు ముద్దగా మారుస్తుంది. కొత్తగా సున్నం, సిమెంటు పూసిన పచ్చిగోడ మీద ఎనామిల్ వేస్తే కొన్నాళ్లకు ఊడిపోయేది కూడా ఈ చర్య వల్లనే. కాస్టిక్ సోడా బాగా పనిచేస్తుంది, కానీ నేను దాన్ని సిఫారసు చేయను. కంట్లో ఒక చుక్క పడితే చూపు పోవచ్చు. టేకును నల్లబరుస్తుంది, ఏ కర్ర పీచునైనా వదులు చేస్తుంది. ఈ రాష్ట్ర వృక్షమైన సాల కర్రకు, ఒకప్పుడు రైలు పట్టాల కింద స్లీపర్లుగా వేసినంతటి గట్టి కర్రకు కూడా అది మంచిది కాదు. పైగా లెడ్ క్రోమేట్ క్షారంలో కరుగుతుంది. గడప మీద గట్టిగా ఉన్న సీసాన్ని మీరే నీళ్లలో కలిపి వాకిట్లో పారబోసినట్లవుతుంది.

దుకాణాల్లో పెయింట్ రిమూవర్ పేరుతో దొరికే డబ్బాలున్నాయి. వాటిలో చాలాకాలంగా వాడుతున్నది మిథిలీన్ క్లోరైడ్. దాని అణువు చాలా చిన్నది కనుక వల కన్నాల్లోంచి లోపలికి దూరి, పొరను ఉబ్బించి, కర్ర నుంచి లేపేస్తుంది. పది నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయితే అది మరిగే ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు. భిలాయిలో మే నెల మధ్యాహ్నం గాలి వేడి అంతకన్నా ఎక్కువ. మూత తీయగానే చిమ్ముతుంది, గదిని ఆవిరితో నింపుతుంది. ఆ ఆవిరి మత్తునిస్తుంది, అంతటితో ఆగదు. శరీరంలోకి వెళ్లిన మిథిలీన్ క్లోరైడ్‌లో కొంత భాగాన్ని మన కాలేయం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ఉక్కు నగరంలో ఆ వాయువు పేరు తెలియనివాళ్లు ఉండరు. 2014 జూన్ 12న ఇక్కడి కర్మాగారం పంప్‌హౌస్‌లోకి చొరబడిన బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆ గ్యాస్‌లో ఉండే విషం ఈ కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన స్నానాలగదిలో రిమూవర్‌తో పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అమెరికాలో ఉన్నారు. 2019లో అక్కడ గృహ వినియోగదారులకు ఈ రకం రిమూవర్ల అమ్మకాన్ని నిషేధించారు. డబ్బా మీద ఈ పేరు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసినవి నెమ్మదిగా పనిచేస్తాయి, గంటలు పడుతుంది. వాటికీ గాలి ఆడాలి. ఎన్-95 మాస్కు ధూళిని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు, ఇది గుర్తుంచుకోవలసిన తేడా.

ఇంట్లోని మిగతా వస్తువుల గురించి త్వరగా చెప్పేస్తాను. గాజు రంగును పీల్చుకోదు, తడిపి బ్లేడును వాలుగా పెట్టి గీకితే తేలిగ్గా వస్తుంది. ఇత్తడి గొళ్లాలు, పిడుల మీది రంగుకు రసాయనమే అక్కర్లేదు. వాటిని ఊడదీసి, వంటకు వాడని పాత గిన్నెలో వేడి నీళ్లలో కొన్ని గంటలు ఉంచితే లోహం ఒక విధంగా, రంగు మరో విధంగా వ్యాకోచించి పొర వదులుతుంది. అల్యూమినియం కిటికీకి క్షారం తగలనివ్వకండి, హైడ్రోజన్ బుడగలతో లోహమే కరిగిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీదో, టీవీ పెట్టె మీదో పడిన చుక్కకు అసిటోన్, థిన్నర్ వాడితే మరకతో పాటు ప్లాస్టిక్ నునుపూ పోతుంది. గోరుతోనే గీకండి. ఇనుప చువ్వలను వైరు బ్రష్షుతో పొడిగా రుద్దితే మళ్లీ అదే ధూళి కథ. ఒంటికి అంటిన ఎనామిల్‌కు కిరోసిన్, థిన్నర్ వద్దు. కొబ్బరినూనె రాసి, మెత్తబడ్డాక సబ్బుతో కడగండి.

గడప పని అయ్యాక చీపురు పట్టకండి. ధూళిని లేపడానికి చీపురును మించినది లేదు. షీటును లోపలివైపు మడిచి, పెచ్చులతో సహా కవర్లో వేసి గట్టిగా కట్టండి. నేలను సబ్బునీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో మరోసారి తడిగుడ్డతో తుడవండి. ఆ నీళ్లను తులసికోటలోనో, కూరపాదులోనో పోయకండి. మరుగుదొడ్డిలో పోసి నీళ్లు వదలండి. పనిచేసిన బట్టలను విడిగా ఉతకండి. స్నానం చేశాకే అన్నానికి కూర్చోండి.

ఇంకో మాట, సంక్రాంతికి ముందు రోజు గురించి. పాత తలుపు రెక్క, పుచ్చిన కిటికీ చెక్క భోగిమంటలో వేయడం మన అలవాటు. భిలాయి సెక్టార్లలోని తెలుగు ఇళ్ల ముందూ భోగిమంటలు వేస్తారు. రంగు వేసిన పాత కర్రను అందులో వేస్తే బూడిదలో సీసం మిగులుతుంది, కొంత పొగలో పోతుంది. ఆ మంట చుట్టూ అందరికన్నా దగ్గరగా నిలబడేది పిల్లలే. ఆ బూడిదతో అంట్లు తోమే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రంగు లేని కర్ర, పిడకలు వేయండి. హోలీ మంటకూ ఇదే వర్తిస్తుంది.

తడిసిన గడపను కొన్ని రోజులు ఆరనిచ్చాకే కొత్త పూత వేయాలి. తేమ లోపల ఉండగా పైన పొర మూసేస్తే ఏడాది తిరక్కుండానే మళ్లీ పెచ్చులు లేస్తాయి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించిన ముద్ర, తయారీ తేదీ రెండూ చూడండి. పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. రంగుకు బదులు అవిసె నూనె పూసి కర్ర అందాన్నే ఉంచుకుందామనుకుంటే, అది మంచి ఆలోచనే. కాకపోతే నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు నూనె వేడిని విడుదల చేస్తుందని చెప్పుకోలేదు కదూ? చుట్టిన గుడ్డలో ఆ వేడి బయటకు పోలేక, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. ఒక్కొక్క గుడ్డనూ విడిగా దండెం మీద పరచి ఆరేయండి, లేదా బకెట్టు నీళ్లలో ముంచి ఉంచండి.